తలుపుల్లేని ఇంట్లో తలుపు

తలుపు ఇంకా బయటే ఉంది.

వడ్రంగి తెచ్చి ప్రహరీ గోడకు చేరేసి పోయిన చోటే ఉంది. వాన వస్తుందేమోనని కోడలు దాని మీద ఒక పాత దుప్పటి కప్పింది గానీ, గాలికి అది జారి కింద పడింది. పొద్దున్నే పేపరు వేసే మనిషి ఆ దుప్పటి తీసి ఆమె చేతికిస్తూ, ఇల్లు గానీ ఖాళీ చేస్తున్నారా అని అడిగాడు.

లేదంది. ఆ అనుమానం తనకూ ఉందని మాత్రం చెప్పలేదు.

మామగారు ఆఫీసుకు బయలుదేరి మెట్లు దిగారు. ఎదురింటి కుక్కనైనా పలకరించకుండా వీధి దాటని మనిషి, పక్కనుంచే నడుస్తూ తలుపు వంక చూడలేదు. వెనకే కోడలి భర్త ప్లాన్ల చుట్ట చంకలో పెట్టుకుని దిగాడు. అతను తలుపునూ చూశాడు, పెళ్ళాన్నీ చూశాడు. నిప్పు నువ్వు పెట్టావు, పొగ నేను మింగుతున్నాను అన్నట్టుంది ఆ చూపు. తండ్రి దగ్గరే ప్లాన్లు గీసే కొడుకు మరి. ఇంట్లో గొడవైతే ఆఫీసుకు, ఆఫీసులో గొడవైతే ఇంటికి పారిపోయే వీలు అతనికి లేదు.

ఆ ఇంటికి వీధి తలుపు ఒక్కటే తలుపు. లోపల ఇంకోటి లేదు. ఆర్కిటెక్టుగా మామగారికి పేరు తెచ్చిన ఇల్లు అది. కాలేజీ పిల్లలు బస్సు వేసుకుని చూడ్డానికి వస్తారు. వంటిల్లు మలుపు తిరిగితే చదువుకునే చోటు, అది మలుపు తిరిగితే పడక. ఎక్కడ ఏది మొదలైందో పైనుంచి పడే వెలుతురు చెప్పాలి తప్ప గోడ చెప్పదు. స్నానాల గది కూడా నత్తగుల్లలా వంపులు తిరుగుతుంది గానీ దానికీ తలుపు లేదు.

కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు అత్తగారు ఆమెకు ముందుగా నేర్పింది దగ్గడం. ఈ ఇంట్లో దగ్గే తలుపు అన్నారు. ఎవరి దగ్గు వాళ్ళది. మామగారిది జంటగా రెండు పొడి దగ్గులు. అత్తగారిది గొంతు సవరింపు. భర్తకు దగ్గు కుదరక ఈల వేసేవాడు. ఇంట్లో జలుబు చేరిందంటే ఎవరు ఎటు వస్తున్నారో తెలియక అందరూ ఉన్నచోటే నిలబడిపోయేవాళ్ళు. మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకోవాలంటే వీధి చివర బస్టాపు దాకా నడవాలి. ఆ బస్టాపు కూడా మామగారు కట్టిందే. దానికీ గోడల్లేవు.

అలాంటి ఇంట్లో ఇన్నేళ్ళూ కిక్కురుమనకుండా కాపురం చేసిన అత్తగారు, ఆపరేషనై ఆస్పత్రి నుంచి నేరుగా చెల్లెలింటికి పోయారు. తలుపున్న గది ఒకటి ఉంటే వస్తాను, లేకపోతే ఇక్కడే ఉంటాను అని కబురు పెట్టారు. మామగారు ఆ మాట విన్నారు. జవాబు చెప్పలేదు. ఆ ఇంట్లో మౌనమే పెద్ద జవాబు. కోడలు చూసి చూసి, ఎవరితోనూ చెప్పకుండా వడ్రంగితో తలుపు చేయించింది.

అక్కడే వచ్చింది తిరకాసు. తలుపు దించగానే వడ్రంగి, ద్వారబంధం ఏదమ్మా అని అడిగాడు.

"ఏ ద్వారబంధం?"

"తలుపు దేనికి బిగించమంటావు తల్లీ? గాలికా?"

ఆమెకు ఆ సంగతే తట్టలేదు. తలుపుల్లేని ఇంట్లో ఉండి ఉండి, తలుపంటే కాలెండరు తగిలించినట్టు గోడకు తగిలించే వస్తువనుకుంది. వడ్రంగి గోడను వేలితో కొట్టి చూశాడు. ఒకచోట డబ్బాలా మోగింది, ఇంకోచోట బండలా ఉంది. దీని కడుపులో ఏముందో కట్టినాయనకే తెలియాలి, నేను ఉలి పెట్టను అని తలుపును బయట చేరేసి చక్కా పోయాడు.

వద్దంటున్న మనిషి తప్ప ఆ తలుపు బిగించగలిగినవాళ్ళు ఎవరూ లేరు. అదీ సంగతి.

మధ్యాహ్నం తండ్రీ కొడుకులు భోజనానికి వచ్చారు. మంచినీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు ఇంటి ఆ చివరికి పోయి తిరిగి వచ్చింది.

"నాన్నా, అమ్మ పడకవైపు గోడలో నీళ్ళ పైపు ఎటు పోతుంది?" అన్నాడు కొడుకు, పళ్ళెంలోకి చూస్తూ.

"ఎందుకు?"

"ఊరికే."

"ఊరికే అడిగే రకమైతే ఈపాటికి చాలా నేర్చుకునేవాడివి."

అడకత్తెరలో పోకచెక్కలా ఉన్న మొగుణ్ణి చూసి కోడలు గరిటె కింద పెట్టింది. "అడగమన్నది నేను మామయ్యగారూ. తలుపు చేయించిందీ నేనే."

"తెలుసు. వాడికంత ధైర్యం ఎక్కడిది?"

కొడుకు ఇంకొంచెం వంగి తిన్నాడు.

మామగారు కోప్పడతారని ఆమె అనుకుంది. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి మళ్ళీ అదే కుర్చీలో కూర్చున్నారు. సభల్లో ఆయన ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది: ఇల్లు చెవిలాంటిది, చెవికి రెప్ప ఉండదు అని. ఆ మాట పుస్తకాల్లో అచ్చయింది, గోడల మీదకీ ఎక్కింది. ఆయన లైబ్రరీ కట్టినా, బడి కట్టినా, పల్లెటూరి దవాఖానా కట్టినా ఆ మాట మీదే కట్టారు. బడిలో తలుపులు లేక పక్క క్లాసు పాఠం కూడా పిల్లలకు వచ్చేస్తోందని మేష్టర్లు గొణిగితే, మంచిదేగా అన్నారు. ఈయన పుట్టాక తలుపు చెక్క అమ్ముడుపోవడం లేదని తోటి ఆర్కిటెక్టులు నవ్వుకుంటే, తానూ నవ్వారు.

ఆ మాటకు వేరు ఎక్కడుందో మాత్రం కోడలు ఆ పూటే విన్నది.

ఆయన చిన్నతనంలో ఉన్న ఇంట్లో గదికో తలుపు, తలుపుకో గడియ. అక్కకు జ్వరం వస్తే చివరి గదిలో పడుకోబెట్టి, నిద్ర చెడుతుందని తలుపు వేశారు. పక్క గదిలో తల్లి ఉంది, ఆ పక్క గదిలో తనున్నాడు. తెల్లారి తలుపు తీసేసరికి అక్క ప్రాణాలతో లేదు.

"పిలిచే ఉంటుంది" అన్నారాయన. "తలుపు వేసుంది. అంతే."

ఆయన గ్లాసులో మిగిలిన నీళ్ళు తాగి, కోడలి వంక చూశారు.

"ఇప్పుడు మీ అత్తయ్యకు ఒంట్లో బాగాలేదు. ఇప్పుడే నువ్వు తలుపు పెట్టమంటున్నావు."

"నేను కాదు మామయ్యగారూ. అత్తయ్య అంటున్నారు. ఎందుకో మీరడిగారా?"

ఆయన తలెత్తారు.

"ఎవరికి ఇల్లు కట్టినా, గీత గీసే ముందు వాళ్ళ పాత ఇంట్లో ఒక పూట కూర్చుని వస్తారటగా. దవాఖానా కట్టేటప్పుడు రోగులతోపాటు బెంచీ మీద పడుకున్నారట. మా ఆయనే చెప్పారు."

కొడుకు నన్నెందుకు లాగుతావన్నట్టు చూశాడు. ఆమె పట్టించుకోలేదు. మామగారు లేచి చెప్పులేసుకున్నారు. ఎక్కడికని అడగబోతే, రా, దారి నువ్వు చూపించు అన్నారు. భార్య చెల్లెలి ఇల్లు ఎక్కడుందో ఆయనకు సరిగ్గా తెలియదు. నచ్చని ఇళ్ళకు ఆయన వెళ్ళరు.

అది పెద్ద భవనంలో చిన్న వాటా. అగ్గిపెట్టెలో అగ్గిపెట్టెలు సర్దినట్టు గదులు, ప్రతి గదికీ తలుపు, బీరువా తలుపు తీయాలంటే గది తలుపు వేయాలి. అత్తగారి చెల్లెలు ఎదురొచ్చింది. "రండి బావగారూ. తల జాగ్రత్త. ఈ ఇల్లు మీరు కట్టింది కాదు."

అక్క లోపల ఉందనీ, నొప్పి వచ్చే వేళ గనక తలుపు తీయదనీ, కూర్చోమనీ చెప్పి కాఫీ పెట్టడానికి పోయింది. మామగారు మూసిన తలుపుకు ఎదురుగా కుర్చీ అంచున కూర్చున్నారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు.

లోపలినుంచి మూలుగు వచ్చింది. సన్నగా అణుచుకున్నది కాదు. బావిలోంచి బరువైన బిందె లాగినట్టు అడుగునుంచి వచ్చిన మూలుగు. దాని వెనకే తిట్లు. అత్తగారు డాక్టర్ని తిట్టారు, దిండును తిట్టారు, లేవని చేతిని తిట్టారు. తర్వాత మొగుణ్ణి అందుకున్నారు. ఎండా వానా తెలియని ఇల్లు కడతాడు గానీ మనిషి లోపల ఏముందో తెలియదు మహానుభావుడికి అన్నారు.

మామగారు లేవబోయారు. మరదలు కాఫీ కప్పు చేతిలో పెట్టి కూర్చోబెట్టింది. "తాగండి. రోజూ ఇంతే. ఏడుస్తుంది, తిడుతుంది, మొహం కడుక్కుని బయటికొచ్చి కాఫీ అడుగుతుంది. మీ వంతు త్వరగానే అయిపోతుంది లెండి."

గడియ తీసిన చప్పుడైంది. అత్తగారు తల దువ్వుకుని, శుభ్రమైన చీరతో, కుడిచేతిని ఒంటికి ఆనించి పట్టుకుని బయటికి వచ్చారు.

"ఎప్పుడొచ్చారు?"

"ఇప్పుడే."

కోడలు కాఫీలోకి చూసింది. తమ ఇంట్లో ఆ అబద్ధం చెల్లదు.

అత్తగారు కూర్చున్నారు. ఆయన కాఫీ కప్పు కింద పెట్టారు. "మన ఇంట్లో మూలగడానికేం?" అన్నారు.

"విన్నారన్నమాట."

"విన్నాను."

"అక్కడ మూలిగితే అందరూ లేస్తారు. లైట్లు వేస్తారు. నీళ్ళు తెస్తారు. మీరొచ్చి మంచం పక్కన నిలబడతారు, మొహం చిన్నది చేసుకుని. అప్పుడు నేను మీకు ధైర్యం చెప్పాలి. నొప్పి నాకు, ధైర్యం మీకు. ఇన్నేళ్ళూ చెప్పాను. ఇప్పుడు ఓపిక లేదు."

"ఇల్లంటే చెవి..." అని మొదలుపెట్టారాయన.

"చెవికి రెప్ప లేదు. ఎన్ని సభల్లో ముందు వరసలో కూర్చుని వినలేదూ! కంటికుంది కదండీ. ఇల్లు కన్నులాంటిదని మీకెందుకు తోచలేదు?"

మరదలు నవ్వబోయి, ఆయన మొహం చూసి మానుకుంది.

"తలుపు పెడతాను. గడియ వద్దు" అన్నారాయన.

"గడియ లేకపోతే అది తలుపెలా అవుతుంది? చెక్క పరదా అవుతుంది."

చనిపోయిన తన అక్క సంగతి ఆయన ఎత్తలేదు. అత్తగారికి అది తెలియనిదీ కాదు. ఇద్దరూ దాని చుట్టూ నడిచారు, నిద్రపోతున్న కుక్క చుట్టూ నడిచినట్టు. లేచేటప్పుడు, చూద్దాం అన్నారాయన. ఆ ఇంటి గుమ్మం దాటేటప్పుడు తల తగిలింది.

దారిలో ఆయన ఒక్క మాటే అన్నారు. అందరినీ అడిగాను, మన ఇంటికే ఎవర్నీ అడగలేదు, అడగాల్సిన మనిషి పక్కనే ఉంది కదా అని. కోడలితో అన్నారో, తనతో అనుకున్నారో తెలియదు.

మర్నాడు ఆఫీసుకు పోలేదు. సుద్దముక్క తీసుకుని గోడ ముందు నిలబడ్డారు. కొడుకు టేపు పట్టుకుని వెనక నిలబడ్డాడు. ఇక్కడ పైపు, ఇక్కడ గాలి పోయే సొరంగం, ఇక్కడ ముట్టుకుంటే పైకప్పు మన నెత్తిన ఉంటుంది అంటూ గీతలు గీశారు. కొడుకు ఊరికే అడిగిన ప్రశ్నకూ జవాబు దొరికింది. వాళ్ళిద్దరూ ఆ గోడ ముందు మాట్లాడుకున్నంత, ఆఫీసులో ఏడాదంతా మాట్లాడుకోరు.

తాపీమేస్త్రీ పడక మలుపులో ద్వారబంధం పట్టేలా అటూ ఇటూ గోడ కోసి, మిగిలిన ఖాళీ ఇటుకతో మూశాడు. ఇటుక పొడి ఇల్లంతా పరుచుకుంది. అడ్డుపెట్టడానికి తలుపుల్లేవు మరి. కోడలు బియ్యం డబ్బా మీదనుంచి కూడా తుడిచింది.

ద్వారబంధం నిలబెట్టాక వడ్రంగి తలుపును లోపలికి తెరుచుకునేలా పెట్టబోతే మామగారు ఆపారు. బయటికే తెరుచుకోవాలన్నారు. గది తలుపులు ఎక్కడైనా లోపలికే కదండీ అన్నాడు వడ్రంగి.

"లోపల మనిషి పడిపోయి తలుపుకు అడ్డంగా ఉంటే ఎలా తీస్తావు?"

వడ్రంగి బందులు ఇటు మార్చాడు.

గడియ దగ్గరికి వచ్చేసరికి ఆయన కోడల్ని పిలిచి, మీ అత్తయ్య ఏ చెయ్యి ఎత్తగలదు అని అడిగారు. కుడిచెయ్యి భుజం దాకా కూడా లేవదంది. అయితే ఎడమ చేతికి, నడుము ఎత్తులో అన్నారు. ఇనుప గడియ లాగాలంటే బలం కావాలని, ఒక చెక్క గడియ చేయించారు. వేలితో ఎత్తితే లేస్తుంది, వదిలినా, తలుపు నెట్టి మూసినా దానంతటదే కొక్కెంలో పడుతుంది. తానే లోపలికి పోయి, కుడిచెయ్యి ఒంటికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని ఎడమ చేత్తో వేసి చూశారు, తీసి చూశారు. కోడలు చూస్తూ నిలబడింది. ఈ మనిషికి ఒకరి కష్టం వినపడితే చాలు, చేతులు వాటంతటవే పని చేస్తాయి అనుకుంది.

అంతా అయ్యాక వడ్రంగి తలుపుకూ ద్వారబంధానికీ మధ్య సందు చూపించి, లోపలివైపు ఒక బద్ద కొడితే కనపడదన్నాడు. మామగారు వద్దన్నారు. వానాకాలం చెక్క ఉబ్బుతుంది, ఉండనీ అన్నారు.

వడ్రంగి పోయాడు. కొడుకు స్నానానికి పోయాడు. కోడలు చీపురు తీసుకుని మలుపు తిరిగేసరికి, మామగారు బయట నిలబడి ఉన్నారు. తలుపు వేసుంది. ఆయన జేబులో ఎప్పుడూ ఉండే సన్నటి ఉక్కు స్కేలు సందులో దూర్చి, పైకెత్తారు. లోపల గడియ టక్కుమని లేచింది. తలుపు వచ్చేసింది.

ఆయన వెనక్కి తిరిగి ఆమెను చూశారు. ఆమె దగ్గడం మరిచిపోయింది.

"అవసరం పడదు. పడితే..." అని ఆగిపోయారు.

ఆమె తల ఊపింది. ఎందుకు ఊపిందో ఆమెకే తెలియదు. చివరి గదిలో పిలిచిన అక్క కోసం ఊపిందేమో. ఆ తర్వాత పని చేస్తున్నంతసేపూ ఆ తల ఊపు ముల్లులా గుచ్చుతూనే ఉంది. అత్తయ్యకు చెబితే ఆవిడ గుమ్మంలోంచే వెనక్కి పోతారు. చెప్పకపోతే, ఈ తలుపు ఎవరిదైనట్టు?

అత్తగారు మర్నాడు మధ్యాహ్నం వచ్చారు. చెల్లెలు ఆటోలో దించి, లోపలికి వచ్చి తలుపు చూసి, మా ఇంటిదానికన్నా బాగుందని మెచ్చుకుని పోయింది. అత్తగారు తలుపు చెక్క మీద అరచెయ్యి ఆనించారు. ఎడమ చేత్తో గడియ ఎత్తి, వదిలి, మళ్ళీ ఎత్తి చూశారు. ఎత్తు సరిపోయింది. మొగుడి వంక ఒకసారి చూసి, కోడలి భుజం మీద చెయ్యి వేసి, "నా పక్షాన నిలబడ్డావమ్మా. ఈ ఇంట్లో నా మాట విన్నది నువ్వొక్కదానివే" అన్నారు.

కోడలు ఏదో పనున్నట్టు వంటింట్లోకి పోయింది.

భోజనాలయ్యాయి. అత్తగారు లోపలికి పోయి తలుపు వేసుకున్నారు. గడియ పడింది.

ఇల్లంతా ఆ చప్పుడు విన్నది. కొడుకు పేపరు తెరిచి ఒకే పేజీ చూస్తూ కూర్చున్నాడు. మామగారు బల్ల దగ్గర పెన్సిలు చెక్కుకున్నారు. మొన ఎప్పుడో వచ్చింది, ఆయన ఇంకా చెక్కుతున్నారు. అందరూ మూలుగు కోసం చూస్తున్నారు.

మూలుగు రాలేదు. తిట్లూ రాలేదు. మంచం కదిలిన చప్పుడైనా లేదు.

పైనుంచి పడే ఎండ గోడ మీద మెల్లగా జరిగింది. మామగారు లేచి తలుపు దాకా వెళ్ళి, రెండు పొడి దగ్గులు దగ్గారు. జవాబు లేదు. మళ్ళీ దగ్గారు. తలుపు కొట్టాలని ఆయనకు తట్టలేదు. ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ తలుపు కొట్టి ఎరగరు.

ఆయన చెయ్యి జేబులోకి పోయింది. కోడలు చూసింది. వద్దు మామయ్యగారూ అని నోటిదాకా వచ్చింది. ఆయన మొహంలో ముసలితనం పోయి, పక్క గదిలో నిలబడ్డ కుర్రవాడు కనిపించాడు. ఆమె నోరు మూసుకుంది.

స్కేలు సందులోకి దూరింది.

"ఎవరది?" అన్నారు లోపలినుంచి అత్తగారు. నిద్ర గొంతు కాదు. నొప్పి గొంతూ కాదు.

ఆయన బిగుసుకుపోయారు. "నేను."

లోపల అడుగుల చప్పుడైంది. తలుపు దగ్గరికి వచ్చి ఆగింది. లోపలినుంచి లాగినట్టు స్కేలు ఆయన వేళ్ళలోనే కదిలింది. ఆయన పట్టుకోలేదు. మెరుస్తూ, కొంచెం కొంచెంగా, అది సందులోంచి లోపలికి జారిపోయింది. ఆయన చేతిలో ఏమీ మిగల్లేదు.

గడియ తీయలేదు.

"ఈ సందు సంగతి" అన్నారు అత్తగారు తలుపు అవతలినుంచి, గొంతు పెంచకుండా, "అమ్మాయికి తెలుసా?"

మామగారు మెల్లగా కోడలి వైపు తిరిగారు.